మౌనం కూడా పాఠమైన బడి: ఫిలడెల్ఫియాలో ఒక క్వేకర్ స్కూల్‌ని ఎలా అంచనా వేయాలి

ఫిలడెల్ఫియా నడిబొడ్డున, 17వ వీధి వెళ్లి బెంజమిన్ ఫ్రాంక్లిన్ పార్క్‌వేని కలిసే చోట ఫ్రెండ్స్ సెలెక్ట్ స్కూల్ ఉంది. ప్రీ-కిండర్‌గార్టెన్ నుంచి 12వ తరగతి దాకా పిల్లలు అక్కడే చదువుతారు. హాస్టల్ లేదు, సాయంత్రానికి ఎవరింటికి వాళ్లు వెళ్లిపోతారు. పార్క్‌వే మీద కాస్త నడిస్తే సెంట్రల్ లైబ్రరీ, ఫ్రాంక్లిన్ ఇన్‌స్టిట్యూట్, ఇంకా ముందుకెళ్తే ఆర్ట్ మ్యూజియం వస్తాయి. శివార్ల నుంచి లోకల్ రైళ్లు వచ్చే సబర్బన్ స్టేషన్ కూడా నడిచి వెళ్లేంత దగ్గర. 2023 జులైలో తానా మహాసభలు జరిగిన కన్వెన్షన్ సెంటర్ నుంచి ఈ బడికి పది పదిహేను నిమిషాల నడక. ఆ మూడు రోజులూ వేలమంది తెలుగువాళ్లు ఈ వీధుల్లోనే తిరిగారు.

ఇలాంటి బడి గురించి తల్లిదండ్రులు మొదట అడిగే ప్రశ్నలు తెలిసినవే. ఫీజు ఎంత? క్లాసులో ఎంతమంది? పిల్లలు ఏ కాలేజీలకు వెళ్తున్నారు? ఇవి అడగాల్సిన ప్రశ్నలే. కానీ ఇవే ప్రశ్నలు నగరంలోని ఏ ప్రైవేటు స్కూలుకైనా సరిపోతాయి. ఆ జవాబులు తెలుసుకున్నాక కూడా, ఇది క్వేకర్ బడి కావడం వల్ల పిల్లకి ఒరిగేదేమిటో తెలియదు. దానికి వేరే చోట వెతకాలి. క్వేకర్ పద్ధతి గోడ మీది బోర్డు దగ్గరే ఆగిపోయిందా, లేక డబ్బు, గొడవ, ఉద్యోగం లాంటి కష్టమైన నిర్ణయాల దాకా వెళ్లిందా అన్నది చూడాలి. ఈ ఒక్కటీ తేల్చుకోకుండా మిగతా లెక్కలన్నీ వేసుకోవడం వల్ల ఉపయోగం తక్కువ.

క్వేకర్ అనగానే మనవాళ్లకు గుర్తొచ్చేది సూపర్‌మార్కెట్‌లో ఓట్స్ ప్యాకెట్, దాని మీద టోపీ పెట్టుకున్న పెద్దాయన. ఆ కంపెనీకి, ఈ మత సమాజానికి సంబంధం లేదు. మంచి పేరున్న సమాజం కదా అని ఆ పేరు వాడుకున్నారు, అంతే. అసలు క్వేకర్లు 17వ శతాబ్దం మధ్యలో ఇంగ్లండ్‌లో జార్జ్ ఫాక్స్ బోధనలతో మొదలైన క్రైస్తవ సమాజం. తమను తాము ఫ్రెండ్స్ అని పిలుచుకుంటారు. అందుకే ఈ బళ్ల పేర్లలో ఫ్రెండ్స్ అన్న మాట ఉంటుంది. ప్రతి మనిషిలోనూ దైవాంశ ఉందని, దాన్ని వినడానికి మధ్యవర్తి అక్కర్లేదని వాళ్ల నమ్మకం. ఫిలడెల్ఫియా సంప్రదాయంలో పాస్టర్ ఉండడు, ప్రసంగం ఉండదు.

వాళ్ల సమానత్వం ఎంత మొండిదో తెలుగువాళ్లకు సులువుగా అర్థమవుతుంది, ఎందుకంటే మనకు నువ్వు, మీరు ఉన్నాయి. అప్పటి ఇంగ్లిష్‌లోనూ ఆ తేడా ఉండేది. పెద్దవాళ్లను, అధికారులను బహువచనంలో సంబోధించాలి. క్వేకర్లు జడ్జినైనా, జమీందారునైనా ఏకవచనంలోనే పలకరించారు. ఎవరి ముందూ టోపీ తీయలేదు, కోర్టులో ప్రమాణం చేయలేదు. ఎప్పుడూ నిజమే చెప్పేవాడికి ప్రమాణం ఎందుకన్నారు. వీటికి జైళ్లకు కూడా వెళ్లారు. ఆ తరంలోని వాడే విలియం పెన్. 1681లో ఇంగ్లండ్ రాజు నుంచి పెన్సిల్వేనియా భూమి పొంది, మరుసటి ఏడాది ఇక్కడికి వచ్చాడు. ఈ నగరంలో ఇన్ని క్వేకర్ బళ్లు ఉండటానికి కారణం అదే.

ఆ పాత మొండితనం ఛాయలు ఇప్పటి తరగతి గదుల్లోనూ కనిపిస్తాయి. చాలా క్వేకర్ బళ్లలో చిన్నపిల్లలు టీచర్‌ని పేరు పెట్టి పిలుస్తారు. ‘టీచర్’ అన్న మాట ముందు పెట్టి, దాని పక్కన ఆమె మొదటి పేరు. మేడమ్, సార్ అని పిలిచే అలవాటున్న ఇంట్లో ఇది మొదట్లో చెవికి గుచ్చుకుంటుంది. తాతయ్య, అమ్మమ్మ వీడియో కాల్‌లో విని ‘అదేంటే, పంతులమ్మని పేరు పెట్టి పిలుస్తావా’ అని ఆశ్చర్యపోతారు. ఇది మర్యాద లేకపోవడం కిందకు రాదు. బిరుదులతో మనుషుల్ని మెట్ల మీద నిలబెట్టకూడదన్న 350 ఏళ్ల పట్టుదల అందులో ఉంది.

ఇక మీటింగ్. క్వేకర్ బడికి ఇది గుండెకాయ. వారానికోసారి పిల్లలు, టీచర్లు అందరూ కలిసి కూర్చునే మౌన సమావేశాన్ని అలా పిలుస్తారు. సంప్రదాయ పద్ధతిలో కట్టిన మీటింగ్ హౌస్‌లో శిలువ ఉండదు, విగ్రహం ఉండదు, వేదిక ఉండదు. మామూలు చెక్క బెంచీలు, సాదా గోడలు, ఎత్తయిన కిటికీలు. చాలాచోట్ల బెంచీలు ఒకదానికొకటి ఎదురుగా ఉంటాయి, కాబట్టి ఎటు చూసినా మనిషి ముఖమే కనిపిస్తుంది. పిల్లలు వచ్చి కూర్చుంటారు. మొదటి రెండు మూడు నిమిషాలు బూట్లు నేలకు రాసుకుంటుంటాయి, ఎవరో దగ్గుతారు, ఇద్దరు నవ్వు ఆపుకోలేక తల దించుకుంటారు. ఆ తర్వాత గది నెమ్మదిస్తుంది. ఏదైనా చెప్పాలని లోపలి నుంచి అనిపించినవాళ్లు లేచి నిలబడి చెప్పి కూర్చుంటారు. మూడో తరగతి పిల్ల చనిపోయిన తన కుక్క గురించి చెప్పొచ్చు, 12వ తరగతి కుర్రాడు కాలేజీ టెన్షన్ గురించి చెప్పొచ్చు, టీచర్ ఒక్క వాక్యం చెప్పి కూర్చోవచ్చు. దానికి ఎవరూ జవాబివ్వరు, వాదించరు, చప్పట్లు కొట్టరు. ఆ మాట తర్వాత మళ్లీ మౌనం. ఏమీ మాట్లాడకుండానే మొత్తం సమయం గడిచిపోవచ్చు కూడా. చివర్లో ఒకరు పక్కవాళ్లకి చేయి కలుపుతారు, అది గదంతా పాకుతుంది, మీటింగ్ అయిపోతుంది.

మన దగ్గర దీనికి దగ్గరగా ఉన్నది మదనపల్లె దగ్గరి రిషి వ్యాలీలో అస్తాచల్. పొద్దు గూకే వేళ పిల్లలు కూర్చుని, మాట్లాడకుండా సూర్యాస్తమయం చూస్తారు. అక్కడ చదివినవాళ్లు ఎన్నేళ్లయినా ఆ సాయంత్రాలు మర్చిపోలేమంటారు. అయితే తేడా ఒకటుంది. అస్తాచల్‌లో మౌనం ప్రకృతి ముందు. క్వేకర్ మీటింగ్‌లో మౌనం సాటి మనుషుల ముందు, వాళ్లలో ఎవరైనా ఏ క్షణంలోనైనా లేచి మాట్లాడొచ్చన్న ఎరుకతో. వినడం అక్కడ సాధన. ఇంట్లో, క్లాసులో, గ్రూప్ చాట్‌లో ఎదుటివాడి మాట అయిపోకముందే జవాబు తయారు చేసుకునే అలవాటున్న పిల్లకి, జవాబు ఇవ్వకూడని చోట కూర్చోవడం పెద్ద చదువే. ఈ ఒక్క కారణంతో ఈ బడికి పిల్లల్ని పంపే తల్లిదండ్రులుంటే వాళ్లది తప్పు లెక్క అనలేం.

మరి అంచనా వేసేవాళ్లు మీటింగ్ విషయంలో ఏం చూడాలి? టైమ్‌టేబుల్‌లో దాని చోటు. పరీక్షల వారంలో, ఆటల పోటీల వారంలో మీటింగ్ ఉంటుందా, ముందుగా రద్దయ్యేది అదేనా? టీచర్లు పిల్లలతో పాటు కూర్చుని మౌనంగా ఉంటారా, లేక వెనక నిలబడి కాపలా కాస్తారా? పిల్లలు ఏదైనా ఇబ్బందికరమైన విషయం మాట్లాడితే తర్వాత వాళ్లని పిలిచి మందలిస్తారా? ఈ మూడింటికీ జవాబు బ్రోషర్‌లో దొరకదు. టూర్ ఇచ్చే హైస్కూల్ విద్యార్థిని పక్కకు పిలిచి అడిగితే దొరుకుతుంది. క్వేకర్ బళ్ల పిల్లలు ఇలాంటివి అడిగితే దాపరికం లేకుండా చెబుతారు, ఆ గుణం నేర్పినందుకు ఆ బళ్లని మెచ్చుకోవాలి.

చరిత్ర కూడా చూడాలి, అందులో గర్వపడేదీ ఉంది, తల దించుకోవాల్సిందీ ఉంది. ఫ్రెండ్స్ సెలెక్ట్ 1833లో మొదలైంది. ఆ పేరులోని సెలెక్ట్ అన్న మాట చూసి, తెలివైన పిల్లల్ని ఏరుకునే బడి అనుకుంటారు. అప్పటి అర్థం వేరు: క్వేకర్ కుటుంబాల పిల్లలకు మాత్రమే అని. తర్వాతి కాలంలో అందరికీ తలుపులు తెరిచారు. ఇప్పుడు అమెరికాలోని చాలా క్వేకర్ బళ్లలో క్వేకర్ పిల్లలు చాలా కొద్దిమంది. యూదులు, క్యాథలిక్కులు, ముస్లింలు, హిందువులు, ఏ మతమూ పాటించనివాళ్లు అందరూ ఉంటారు. మతం మార్చే ప్రయత్నం ఉంటుందేమోనన్న భయం మన కుటుంబాల్లో సహజం. ఈ బళ్లలో అలాంటిది ఉండదు. వాళ్లకు ఒప్పచెప్పాల్సిన విశ్వాస ప్రకటన అంటూ ఏదీ లేదు. దాని బదులు తమను తాము వేసుకునే ప్రశ్నలు ఉంటాయి, వాటిని క్వెరీస్ అంటారు.

బానిసత్వాన్ని ఎదిరించిన మొదటి శ్వేతజాతి సమాజాల్లో క్వేకర్లు ఉన్నారు. 1688లో, ఇప్పుడు ఈ నగరంలో భాగమైన జర్మన్‌టౌన్‌లో కొందరు దానికి వ్యతిరేకంగా రాసిన నిరసన పత్రం అమెరికా చరిత్రలో ముఖ్యమైనది. 1776లో ఫిలడెల్ఫియా క్వేకర్ సమాజం తమ సభ్యులెవరూ బానిసల్ని ఉంచుకోకూడదని తేల్చేసింది. ఆంథనీ బెనెజెట్ అనే క్వేకర్ పంతులు నల్లజాతి పిల్లలకు తన ఇంట్లో చదువు చెప్పాడు, 1770లో వాళ్లకోసం బడి పెట్టించాడు. ఇంత చరిత్ర ఉన్న సమాజమే తన సొంత బళ్ల గుమ్మం దగ్గర ఎంతో కాలం తటపటాయించింది. ఒబామా కూతుళ్లు చదివిన వాషింగ్టన్ సిడ్వెల్ ఫ్రెండ్స్ 1883లో మొదలైంది. అందులో నల్లజాతి పిల్లల్ని చేర్చుకోవాలన్న నిర్ణయం 1956లో గాని రాలేదు. అంటే సుప్రీంకోర్టు 1954లో ప్రభుత్వ బళ్లలో జాతి వివక్ష చెల్లదన్న తర్వాత. అదీ ఒక్కసారిగా కాకుండా, చిన్న తరగతులతో మొదలుపెట్టి నెమ్మదిగా. సమానత్వం తమ సిద్ధాంతమని చెప్పే బడి ఈ కథని పిల్లలకు ఎలా చెబుతోందన్నది మంచి గీటురాయి. 1688 గురించి గర్వంగా చెప్పి 1956 దగ్గర నోరు మెదపని బడిని నమ్మడం కష్టం.

నిర్ణయాలు తీసుకునే పద్ధతి దగ్గర అసలు పరీక్ష మొదలవుతుంది. క్వేకర్లు ఓటింగ్ పెట్టరు. వ్యవహారాల మీటింగ్‌లో అందరూ మాట్లాడతారు, మధ్యమధ్య మౌనంగా కూర్చుంటారు. మీటింగ్ నడిపే మనిషిని క్లర్క్ అంటారు. మన ఆఫీసుల్లో గుమాస్తా అన్న అర్థంలో ఆ మాట వినడం అలవాటు, ఇక్కడ అది పెద్ద బాధ్యత. అందరి మాటలూ విని, గది ఎటు మొగ్గిందో క్లర్క్ ఒకటి రెండు వాక్యాల్లో రాసి చదువుతారు. అందరూ సరే అంటే అదే నిర్ణయం, అక్కడికక్కడే మినిట్స్‌లోకి ఎక్కుతుంది. ఎవరైనా గట్టిగా అభ్యంతరం చెబితే ఆ విషయం ఆగుతుంది. 51 మంది 49 మందిని ఓడించడం అనేది ఉండదు. దీనివల్ల ఆలస్యం జరుగుతుంది, విసుగొస్తుంది. కానీ ఒక పిల్లాడు పదమూడేళ్లు ఇలాంటి వాతావరణంలో పెరిగితే, నచ్చని అభిప్రాయం చెప్పిన మనిషిని ఓడించాల్సిన శత్రువుగా చూడటం అలవాటు కాదు. తరగతి గదుల్లోనూ, విద్యార్థి సంఘాల్లోనూ ఈ పద్ధతి వాడే బళ్లు ఉన్నాయి. ఈ బడిలో వాడుతున్నారా అని తప్పక అడగాలి.

బడి ఎవరి చేతిలో ఉందో కూడా తెలుసుకోవాలి. కొన్ని క్వేకర్ బళ్లు ఒక స్థానిక మీటింగ్ (క్వేకర్ల స్థానిక సంఘాన్ని కూడా అలాగే పిలుస్తారు) సంరక్షణలో ఉంటాయి. ఫ్రెండ్స్ సెలెక్ట్ ఫిలడెల్ఫియాలోని మీటింగ్‌ల సంరక్షణలో నడిచే బడి. సిడ్వెల్ ఫ్రెండ్స్ అలా కాదు, దాన్ని థామస్ సిడ్వెల్ అనే క్వేకర్ సొంతంగా పెట్టాడు, ట్రస్టీల బోర్డు నడుపుతుంది. రెండిట్లో ఏది మంచిదని చెప్పడానికి వీల్లేదు. కానీ బోర్డులో క్వేకర్లు ఎంతమంది, బోర్డు ఓటేస్తుందా, ఏకాభిప్రాయంతో నడుస్తుందా, డబ్బున్న దాతల మాట ఎంత చెల్లుతుంది అన్నవి ప్రశ్నలే. అమెరికాలోని క్వేకర్ బళ్లన్నిటికీ ఫ్రెండ్స్ కౌన్సిల్ ఆన్ ఎడ్యుకేషన్ అనే సంస్థ ఉంది, 1931 నుంచి ఫిలడెల్ఫియాలోనే. సభ్యత్వం కొనసాగాలంటే బళ్లు తమ క్వేకర్ జీవితాన్ని తామే పరిశీలించుకుని నివేదిక రాయాలి. చివరిసారి ఆ స్వీయ పరిశీలనలో ఏం బయటపడిందని ప్రిన్సిపాల్‌ని అడగడంలో తప్పేమీ లేదు.

ఇటీవలి రెండు సంఘటనలు ఈ ప్రశ్నలు ఎందుకు అవసరమో చూపిస్తాయి. మొదటిది 2017లో, ఫిలడెల్ఫియా సరిహద్దులోని ఫ్రెండ్స్ సెంట్రల్ స్కూల్లో. విద్యార్థుల క్లబ్ ఒకటి దగ్గర్లోని కాలేజీలో పనిచేసే పాలస్తీనా ప్రొఫెసర్‌ని మాట్లాడటానికి పిలిచింది. కొందరు తల్లిదండ్రుల అభ్యంతరంతో బడి దాన్ని రద్దు చేసింది. ఆ క్లబ్‌తో ఉన్న ఇద్దరు టీచర్లని మొదట సెలవులో పెట్టారు, తర్వాత వాళ్ల ఉద్యోగాలు పోయాయి. రెండోది 2020లో, 1867 నుంచి నడుస్తున్న బ్రూక్లిన్ ఫ్రెండ్స్ స్కూల్లో. అంతకుముందు ఏడాదే టీచర్లు, సిబ్బంది యూనియన్ పెట్టుకున్నారు. మతపరమైన విద్యాసంస్థల గురించి కార్మిక బోర్డు అప్పుడే ఇచ్చిన తీర్పుని చూపి, ఆ యూనియన్ గుర్తింపు తీసేయమని బడి యాజమాన్యం అర్జీ పెట్టింది. సిబ్బంది సమ్మె చేశారు. తల్లిదండ్రులు, పూర్వ విద్యార్థులు చాలామంది వాళ్ల పక్షాన నిలబడ్డారు. చివరికి బడి అర్జీని వెనక్కి తీసుకుంది.

ఈ రెండిట్లోనూ బడి వైపు వాదన ఉంది. పిల్లల భద్రత, వేర్వేరు కుటుంబాల మనోభావాలు, క్వేకర్ పద్ధతిలో నేరుగా మాట్లాడుకుందామన్న మాట. అయినా వినడమే పునాది అని చెప్పుకునే చోట, వినాల్సిన మనిషిని రావద్దనడం బాధాకరం. మూడు శతాబ్దాల క్రితం అధికారం ముందు టోపీ తీయనివాళ్ల వారసులు, సిబ్బంది కలిసికట్టుగా మాట్లాడే హక్కుకు అడ్డుపడే అర్జీ పెట్టడం ఇంకా బాధాకరం. ఇలాంటివి ఏ బడిలోనైనా జరగొచ్చు. ఆ తర్వాత ఏం జరిగిందన్నదే చూడాలి. అంచనా వేస్తున్న బడిలో గత పదేళ్లలో పెద్ద గొడవ ఏం వచ్చింది, దాన్ని ఎవరితో కూర్చుని ఎలా తేల్చారు అని అడిగితే, జవాబు కన్నా ముందు ఆ జవాబు ఇచ్చే తీరే చాలా చెబుతుంది. ‘మా దగ్గర అలాంటివి రావండీ’ అంటే ఆ బడి గురించి తెలుసుకోవాల్సింది ఇంకా చాలా మిగిలి ఉన్నట్టే.

చదువు సంగతికొస్తే, తెలుగు కుటుంబాలకు మింగుడుపడని విషయాలు కొన్ని ఉంటాయి. చాలా క్వేకర్ బళ్లు ర్యాంకులివ్వవు. కొన్నిచోట్ల ఏపీ కోర్సులు, అంటే హైస్కూల్లోనే కాలేజీ స్థాయిలో చదివించే అడ్వాన్స్‌డ్ ప్లేస్‌మెంట్ కోర్సులు, లేవు. 2018లో సిడ్వెల్ ఫ్రెండ్స్, వాషింగ్టన్ ప్రాంతంలోని మరో ఏడు ప్రైవేటు బళ్లతో కలిసి, ఏపీ కోర్సులు మానేసి సొంత కోర్సులు నడుపుతామని ప్రకటించింది. ఫౌండేషన్ క్లాసులు, వీక్లీ టెస్టులు, గోడ మీద మార్కుల లిస్టు చూసి పెరిగిన తండ్రికి ఇవేవీ లేకపోతే పిల్లాడు ఎక్కడున్నాడో తెలియక ఆందోళన పుడుతుంది. ఆ ఆందోళనని కొట్టిపారేయక్కర్లేదు. లెక్కల్లో ఎనిమిదో తరగతి పిల్లలు ఏ స్థాయి దాకా వెళ్తున్నారు, ముందుకు దూసుకెళ్లే పిల్లకి ఏం ఏర్పాటు ఉంది, వెనకబడిన పిల్లని ఎప్పుడు గుర్తిస్తారు అని సూటిగా అడగాలి. మాటల్లో సరిపెట్టుకోకుండా, పిల్లలు రాసిన వ్యాసాలు, వాటి మీద టీచర్ల వ్యాఖ్యలు చూపించమనాలి. మంచి క్వేకర్ బడిలో టీచర్ రిపోర్టు పేజీల కొద్దీ ఉంటుంది, పిల్ల ఎలా ఆలోచిస్తుందో అందులో కనిపిస్తుంది. 92 అన్న అంకె కన్నా ఆ పేజీలు తల్లిదండ్రులకు ఎక్కువ పనికొస్తాయి.

కాలేజీల లిస్టు చూసేటప్పుడు జాగ్రత్త. ఒక్కో ఏడాది బయటకు వెళ్లే పిల్లలు 50 మంది లోపే ఉండే బళ్లలో, ఒక్క సంవత్సరం లిస్టు ఏమీ చెప్పదు. బళ్లు ప్రచురించే లిస్టుల్లో ఎక్కువగా కాలేజీల పేర్లే ఉంటాయి, ఎంతమంది వెళ్లారో ఉండదు. ఐదేళ్ల లిస్టు, అంకెలతో సహా అడగాలి. క్వేకర్లు స్థాపించిన హేవర్‌ఫోర్డ్, స్వార్త్‌మోర్ కాలేజీలు పక్కనే ఉన్నా, క్వేకర్ బడిలో చదివితే అక్కడ సీటు ఖాయం అనుకోవడం అమాయకత్వం.

ఫీజు విషయంలో దాపరికం అక్కర్లేదు, అది భారీగా ఉంటుంది. ఫిలడెల్ఫియా క్వేకర్ డే స్కూళ్లలో హైస్కూల్ ఫీజు ఏడాదికి 40 వేల డాలర్ల చుట్టుపక్కల, కొన్నిచోట్ల ఆ పైన. న్యూయార్క్, వాషింగ్టన్‌లలో 50 వేలు దాటింది. చిన్న తరగతుల్లో కాస్త తక్కువ. సగటున 40 వేలనుకున్నా, కిండర్‌గార్టెన్ నుంచి 12 దాకా 13 ఏళ్లకు 5 లక్షల 20 వేల డాలర్లు. ఏటా పెరిగే ఫీజు, పుస్తకాలు, ట్రిప్పులు, రెండో పిల్లో పిల్లాడో ఉంటే వాళ్ల ఫీజు వేరు. నిరాడంబరత తమ విలువ అని చెప్పే బడికి ఇంత ఫీజు ఏమిటన్న ప్రశ్న న్యాయమైనది. దానికి ఆ బళ్లు చెప్పే జవాబు ఆర్థిక సాయం. అక్కడ చూడాల్సినవి రెండే. ఎంతమందికి సాయం అందుతోంది, ఒక్కొక్కరికి సగటున ఎంత. ఎంతోమందికి కొంచెం కొంచెం ఇచ్చే బడికి, కొద్దిమందికే ఇచ్చినా పూర్తిగా ఆదుకునే బడికి తేడా ఉంది. ఒకసారి ఇచ్చిన సాయం మరుసటి ఏడాది తగ్గిస్తారా అన్నది కూడా ముందే రాతపూర్వకంగా తెలుసుకోవాలి. మొదటి ఏడాది సాయం చూసి చేర్పించి, నాలుగో ఏడాది కట్టలేక స్నేహితుల మధ్య నుంచి పిల్లని లాక్కొచ్చే పరిస్థితి ఎవరికీ రాకూడదు.

పెన్సిల్వేనియాలో ఆదాయ పరిమితి లోపు ఉన్న కుటుంబాలకు ఈఐటీసీ (ఎడ్యుకేషనల్ ఇంప్రూవ్‌మెంట్ టాక్స్ క్రెడిట్) అనే రాష్ట్ర పథకం కింద స్కాలర్‌షిప్పులు ఉన్నాయి. కంపెనీలు స్కాలర్‌షిప్ సంస్థలకు విరాళమిస్తే రాష్ట్ర పన్నులో మినహాయింపు వస్తుంది, ఆ డబ్బు పిల్లల ఫీజుకు వెళ్తుంది. కాలేజీ కోసం దాచే 529 ఖాతా నుంచి 2017 చట్టం తర్వాత స్కూల్ ఫీజుకి ఏడాదికి 10 వేల డాలర్ల దాకా తీసుకునే వీలు వచ్చింది, 2026 నుంచి ఆ పరిమితి 20 వేలు. బడి ఆర్థిక ఆరోగ్యం తెలుసుకోవాలంటే లాభాపేక్ష లేని సంస్థలు ఏటా ప్రభుత్వానికి ఇచ్చే ఫారమ్ 990 చూడొచ్చు, అది అందరికీ అందుబాటులో ఉంటుంది. కానీ మత సంస్థకు అనుబంధంగా ఉన్న స్కూళ్లకు ఆ ఫారమ్ నుంచి మినహాయింపు ఉంది. అలాంటి బడి అయితే ఆడిట్ అయిన లెక్కల సారాంశం చూపించమని అడగడమే దారి. సత్యనిష్ఠని విలువగా చెప్పుకునే బడి దానికి ముఖం చిట్లించకూడదు.

ఇక పక్కన ఏమున్నాయో చూడకుండా అంచనా పూర్తి కాదు. ఫిలడెల్ఫియాలో ఫీజు లేని ప్రభుత్వ బళ్లలో మాస్టర్‌మన్, 1836 నుంచి ఉన్న సెంట్రల్ హైస్కూల్ లాంటి పేరున్నవి ఉన్నాయి. వాటిలో సీటుకు అర్హత నిబంధనలున్నాయి, ఇప్పుడు లాటరీ కూడా ఉంది, కాబట్టి గ్యారంటీ లేదు. మన ఐటీ కుటుంబాలు చాలావరకు ఎక్స్‌టన్, మాల్వర్న్ లాంటి శివారు ఊళ్లకు వెళ్లడానికి కారణం అక్కడి ప్రభుత్వ బళ్లే. ఇంటి పన్నులోనే మంచి చదువు వస్తుంది, చుట్టూ తెలుగువాళ్లుంటారు, వీకెండ్‌లో తెలుగు క్లాసు, కూచిపూడి క్లాసు దగ్గర్లోనే. అది వదులుకుని సిటీలో ఉండాలంటే గట్టి కారణం కావాలి. సిటీ మధ్య బడిలో పెద్ద మైదానాలకు చోటు ఉండదు. దానికి బదులు నగరమే ఆవరణ అవుతుంది: లైబ్రరీ, మ్యూజియం, కోర్టు, సిటీ హాల్. పద్నాలుగేళ్ల పిల్ల ఒంటరిగా రైలెక్కి బడికి రావడం, ఆ దారిలో నిరాశ్రయుల్ని, ఆఫీసువాళ్లని, టూరిస్టుల్ని రోజూ చూడటం కూడా చదువులో భాగమని అనుకునే కుటుంబానికే ఇది సరిపోతుంది.

నేర్చుకోవడంలో ప్రత్యేక సాయం కావాల్సిన పిల్లల తల్లిదండ్రులు ఇంకో మాట గుర్తుంచుకోవాలి. ప్రభుత్వ బడికి ఆ పిల్లకి వ్యక్తిగత విద్యా ప్రణాళిక తయారు చేసే చట్టపరమైన బాధ్యత ఉంది. ప్రైవేటు బడికి అదే స్థాయి బాధ్యత లేదు, ఇచ్చే సాయానికి విడిగా డబ్బు తీసుకోవచ్చు. బ్రూక్లిన్‌లో 1984లో మొదలైన మేరీ మెక్‌డవెల్ ఫ్రెండ్స్ స్కూల్ ఇలాంటి పిల్లల కోసమే పెట్టిన క్వేకర్ బడి. అన్ని క్వేకర్ బళ్లూ అలా ఉంటాయనుకోకూడదు.

పిల్లని బడికి పంపి ఒక రోజు గడపనివ్వమంటే చాలా బళ్లు ఒప్పుకుంటాయి. ఆ రోజు మీటింగ్ ఉన్న రోజే అయ్యేలా అడిగి పెట్టించుకోవాలి. ఇంటికి వచ్చాక ‘ఎలా ఉంది’ అంటే ‘బావుంది’ అంటారు, అంతకు మించి రాదు. లంచ్‌లో ఎవరి పక్కన కూర్చున్నావు, క్లాసులో తప్పు జవాబు చెప్పిన పిల్లాడికి ఏమైంది, మీటింగ్‌లో ఎవరైనా లేచి మాట్లాడారా అని అడిగితే సంగతులు బయటికొస్తాయి.

దానికన్నా ముందు, ఫీజు కట్టకుండా, అప్లికేషన్ నింపకుండా చేయగలిగిన పని ఒకటుంది. ఆర్చ్ స్ట్రీట్‌లో 1804లో కట్టిన మీటింగ్ హౌస్‌లోనూ, 15వ వీధి దగ్గర చెర్రీ స్ట్రీట్‌లోని మీటింగ్ హౌస్‌లోనూ ప్రతి ఆదివారం ఉదయం క్వేకర్లు కూర్చుంటారు. ఎవరైనా వెళ్లొచ్చు, సభ్యత్వం అడగరు, చందా అడగరు. ఫోన్ ఆపేసి, పిల్లని పక్కన కూర్చోబెట్టుకుని ఆ గంట గడపాలి. పిల్ల ఎన్నిసార్లు గడియారం చూసిందో, పెద్దవాళ్లు ఎన్నిసార్లు చూశారో గమనించాలి. బయటకు వచ్చాక ట్రెయిన్ కోసం ఎదురుచూస్తూ పిల్ల ముందుగా ఏం మాట్లాడుతుందో వినాలి, మధ్యలో అడ్డు చెప్పకుండా.